రెలిగేట్ అయిన క్లబ్బుల నుంచి ఎవర్ని కొనాలి? ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్ళకి ఒక పోలిక

ఫుట్‌బాల్ క్లబ్బుని నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్‌లో సీజన్ ఏప్రిల్ దాటేసరికి అందరి కళ్ళూ పాయింట్ల పట్టిక పైభాగం మీదే ఉంటాయి. బడ్జెట్ చాలీచాలకుండా ఉన్నవాళ్ళు మాత్రం పట్టికని కింది నుంచి చదవాలి. ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో ఏటా అట్టడుగున నిలిచిన 3 క్లబ్బులు రెలిగేట్ అవుతాయి, అంటే ఛాంపియన్‌షిప్ అనే కింది డివిజన్‌కి దిగిపోతాయి. ఒక్కో క్లబ్బులో పాతికమంది దాకా ఉంటే, వాళ్ళలో పై డివిజన్‌లోనే కొనసాగగల సత్తా ఉన్నవాళ్ళు నలుగురైదుగురైనా తేలతారు. కింది డివిజన్‌లో ఆడటం వాళ్ళకి ఇష్టం ఉండదు, వాళ్ళ జీతాలు మోయడం క్లబ్బుకి ఇష్టం ఉండదు.

అయితే "పడిపోయిన క్లబ్ కదా, ఎంతకైనా ఇచ్చేస్తుంది" అనే లెక్క సగమే నిజం. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్బులకి పారాచూట్ చెల్లింపులు అందుతాయి. పై డివిజన్ క్లబ్బులన్నీ సమానంగా పంచుకునే టీవీ డబ్బులో ఒక్కో క్లబ్బు వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45 శాతం ఇస్తారు. ప్రీమియర్ లీగ్‌లో ఒక సీజన్ కన్నా ఎక్కువ ఉన్న క్లబ్బు అయితే మూడో ఏడాది ఇంకో 20 శాతం. అంటే ఇంగ్లండ్‌లో పడిపోయిన క్లబ్బు చేతిలో డబ్బు ఉంటుంది, బేరానికి తలొగ్గాల్సిన అవసరం అంతగా ఉండదు. 2016లో న్యూకాసిల్ పడిపోయింది. మిడ్‌ఫీల్డర్ వైనాల్డమ్‌ని జులైలో లివర్‌పూల్‌కి సుమారు 2.5 కోట్ల పౌండ్లకి అమ్మింది. సిసోకోని మాత్రం ఆగస్టు చివరి రోజు దాకా బిగపట్టి టోటెన్‌హామ్ దగ్గర 3 కోట్లు రాబట్టింది. తర్వాతి సీజన్లోనే ఛాంపియన్‌షిప్ గెలిచి తిరిగి పైకి వచ్చేసింది కూడా. పడిపోయింది కదా అని జాలిపడి బేరం ఆడితే మోసపోయేది మనమే.

కాబట్టి ఆటగాడి పేరు కన్నా ముందు చూడాల్సింది అతని కాంట్రాక్ట్. ఏ రకం కాంట్రాక్ట్ ఏ రకం క్లబ్బుకి లాభమో తేలిపోతే సగం పని అయిపోయినట్టే.

క్లాజ్ ఉన్నవాడా, లేనివాడా?

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. రెలిగేషన్ రిలీజ్ క్లాజ్ అంటే, క్లబ్ కింది డివిజన్‌కి పడిపోతే ఫలానా మొత్తానికి వదిలెయ్యాలని ముందే రాసుకున్న షరతు. ఆ మొత్తం పెట్టాక అమ్మే క్లబ్బు కాదనలేదు. నిజ జీవితంలో ఈమధ్య బాగా వినబడిన ఉదాహరణ లియమ్ డెలాప్. 2024లో మాంచెస్టర్ సిటీ నుంచి ఇప్స్‌విచ్ అతన్ని ముందుగా 1.5 కోట్ల పౌండ్లు కట్టి తెచ్చుకుంది. ఆ సీజన్లో లీగ్‌లో 12 గోల్స్ కొట్టాడు, ఇప్స్‌విచ్ మాత్రం పడిపోయింది. కాంట్రాక్ట్‌లో ఉన్న 3 కోట్ల క్లాజ్ తెరుచుకుంది, 2025 జూన్‌లో చెల్సీ పట్టుకుపోయింది. 22 ఏళ్ళ స్ట్రైకర్‌కి, అదీ ప్రీమియర్ లీగ్‌లో గోల్స్ కొట్టి చూపించినవాడికి, ఇంగ్లండ్ మార్కెట్లో అది తక్కువ ధరే.

వినడానికి బాగుంది కదా? చిక్కేమిటంటే ఆ క్లాజ్ మీ ఒక్కరికే కాదు. డెలాప్ వెనక చాలా క్లబ్బులు పడ్డాయి, అందరికీ ధర ఒకటే. ధర ఒకటే అయినప్పుడు పోటీ జీతం మీదికి, క్లబ్ పేరు మీదికి, ఆడే అవకాశం మీదికి మళ్ళుతుంది. గేమ్‌లోనూ అంతే. మీరు క్లాజ్ మొత్తం పెడతారు, అదే రోజు ఇంకో మూడు క్లబ్బులు పెడతాయి, వాటిలో ఒకటి యూరప్ పోటీల్లో ఆడేది. ఏజెంట్ మీతో మాట్లాడటం మొదలుపెట్టేసరికే సంగతి తేలిపోయి ఉంటుంది. క్లాజ్ ధరని తగ్గిస్తుంది, పోటీని పెంచుతుంది. అందుకే క్లాజ్ ఉన్న ఆటగాళ్ళు పేరున్న క్లబ్బులకి వరం, కొత్తగా పైకి వచ్చిన క్లబ్బుకి ఎక్కువసార్లు ఆశాభంగం.

ఇంకో తేడా చెల్లింపులో ఉంది. గేమ్‌లో క్లాజ్ మొత్తాన్ని సాధారణంగా ఒకేసారి కట్టాలి. క్లాజ్ లేని ఆటగాడికైతే సగం ఇప్పుడు, సగం 3 ఏళ్ళ వాయిదాల్లో, ఇన్ని మ్యాచ్‌లు ఆడాక ఇంకొంత, తర్వాత అమ్మితే లాభంలో ఇంత శాతం అంటూ బేరాన్ని మనకి నచ్చినట్టు మలుచుకోవచ్చు. 1.5 కోట్ల క్లాజ్ కట్టలేని క్లబ్బు 2 కోట్ల బేరాన్ని వాయిదాల్లో మోయగలదు. చిన్న క్లబ్బులు నడిపేవాళ్ళు ఈ దారిని తక్కువగా వాడుకుంటారని నాకనిపిస్తుంది. మొత్తం అంకె చూసి భయపడి వెనక్కి తగ్గుతారు.

క్లాజ్ లేనివాడి విషయంలో మీ ఆయుధం అతని అసంతృప్తి. రెలిగేషన్ తర్వాత ఆటగాడి హ్యాపీనెస్ ట్యాబ్ తెరిచి చూడండి. "పై స్థాయిలో ఆడాలని ఉంది" అనే తరహా మాట కనబడితే ఓపిక పట్టడం లాభం. క్లబ్ మొదట్లో ససేమిరా అంటుంది, ఆటగాడు అలుగుతాడు, జులై నడిచేకొద్దీ ధర మెత్తబడొచ్చు. అతనిలో అలాంటి అసంతృప్తి ఏమీ లేకపోతే, క్లబ్ చేతిలో పారాచూట్ డబ్బు కూడా ఉంటే, ఆగస్టు దాకా కాచుకు కూర్చోవడం వృథా. సిసోకో సంగతి చూశాం కదా.

స్పెయిన్‌లో లెక్క వేరు. అక్కడ 1985 నాటి చట్టం వల్ల ఆటగాళ్ళందరి కాంట్రాక్టుల్లోనూ రిలీజ్ క్లాజ్ ఉంటుంది, ఆ సంగతి గేమ్‌లోనూ కనబడుతుంది. కాబట్టి లా లిగా నుంచి పడిపోయిన 3 క్లబ్బుల్లో వెతికేటప్పుడు "క్లాజ్ ఉందా లేదా" అన్నది ప్రశ్న కాదు, ఆ అంకె మనకి అందేదా కాదా అన్నదే ప్రశ్న. జర్మనీలో నేరుగా పడిపోయేవి 2 క్లబ్బులే, 16వ స్థానంలో ఉన్నది కింది డివిజన్‌లో మూడో స్థానం వచ్చిన జట్టుతో ప్లేఆఫ్ ఆడాలి. ఆ ప్లేఆఫ్ అయ్యేదాకా ఆ క్లబ్ ఆటగాళ్ళ సంగతి తేలదు, మీ ప్లాన్ కూడా అంతవరకు ఆగాలి. హైదరాబాద్ ఎఫ్‌సీతో గేమ్ మొదలుపెట్టిన మనవాళ్ళకి సొంత లీగ్‌లో ఈ సంత ఉండేది కాదు, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2024-25 సీజన్ దాకా రెలిగేషన్ లేకుండానే నడిచింది.

జీతం అసలు ధర

ట్రాన్స్‌ఫర్ ఫీజు చూసి "అబ్బ, చవకే" అనుకుని సంతకం పెట్టించేవాళ్ళు చివరికి వేజ్ బడ్జెట్ దగ్గర ఇరుక్కుంటారు. ఊహకి ఇద్దరు ఆటగాళ్ళని తీసుకుందాం. ఒకడికి 31 ఏళ్ళు, ఫీజు 60 లక్షల పౌండ్లు, వారానికి 70 వేల జీతం అడుగుతున్నాడు. ఇంకొకడికి 22 ఏళ్ళు, ఫీజు 1.2 కోట్లు, జీతం వారానికి 25 వేలు. ఇద్దరికీ 3 ఏళ్ళ కాంట్రాక్ట్ అనుకుంటే మొదటివాడి జీతమే సుమారు 1.09 కోట్లు, ఫీజుతో కలిపి 1.69 కోట్లు. రెండోవాడికి జీతం 39 లక్షలు, మొత్తం 1.59 కోట్లు. సగం ధరకి వచ్చాడనుకున్నవాడే ఎక్కువ ఖర్చు తెచ్చాడు. పైగా 3 ఏళ్ళ తర్వాత అమ్ముదామంటే ఒకడికి 34 ఏళ్ళు, ఇంకొకడికి 25.

పడిపోయిన క్లబ్బుల కాంట్రాక్టుల్లో మరో షరతు గమనించాలి: రెలిగేట్ అయితే జీతం ఇంత శాతం తగ్గుతుందనేది. ఇది ఉన్నవాడికి, లేనివాడికి బేరం వేరుగా నడుస్తుంది. జీతం తగ్గినవాడు తనే బయటపడాలని చూస్తాడు, కానీ క్లబ్బుకి అతను భారం కాదు, ధర తగ్గించదు. జీతం తగ్గనివాడు కింది డివిజన్‌లో తెల్ల ఏనుగు. అతన్ని వదిలించుకోవడానికి క్లబ్బే తొందరపడుతుంది, ఫీజు దిగుతుంది, కానీ ఆ పాత జీతం నుంచి కిందికి దిగమని అతన్ని ఒప్పించాల్సింది మీరే. వేజ్ బడ్జెట్ వదులుగా, ట్రాన్స్‌ఫర్ బడ్జెట్ బిగువుగా ఉన్న క్లబ్బు రెండో రకాన్ని చూసుకోవాలి. ఇంకో రకంగా ఉంటే మొదటి రకం. ఇంతే సంగతి.

ఆటగాడికి మాట ఇచ్చే ముందు అతనికి ఏ హోదా ఇస్తున్నారో కూడా చూసుకోండి. పడిపోయిన క్లబ్బులో "స్టార్ ప్లేయర్"గా ఉన్నవాడు మీ దగ్గరా అదే అడుగుతాడు. "స్క్వాడ్ ప్లేయర్" అన్న మాటకి ఒప్పుకున్నవాడు మంచిగా ఆడితే ప్రమోషన్ ఇవ్వొచ్చు, పెద్ద హోదా ఇచ్చి బెంచ్ మీద కూర్చోబెడితే అక్టోబరుకల్లా డ్రెస్సింగ్ రూమ్‌లో గొడవ.

ఏ స్థానంలో ఆడేవాణ్ణి?

ఓడిపోయే జట్టులో ఆడినవాడి సగటు రేటింగ్ ఎలాగూ బాగుండదు. కాబట్టి 10కి 6.6, 6.7 చూసి పక్కన పెట్టేయకుండా 1 నుంచి 20 దాకా ఉండే లక్షణాలని చూడాలి. స్కౌట్‌ని తగినంత కాలం తిప్పకపోతే అవి 11-15 లాంటి పరిధుల్లోనే కనబడతాయి, ఆ మబ్బులో కొనకూడదు. రిపోర్ట్‌లో లాభనష్టాల జాబితా ఉంటుంది కదా, నేనైతే అందులో నష్టాల వైపు ముందు చదువుతాను. నిలకడ లేదని, పెద్ద మ్యాచ్‌లలో తేలిపోతాడని, తరచూ గాయపడతాడని రాసి ఉంటే రెలిగేషన్‌కి అతని పాత్ర కూడా ఉందన్నమాట. రొమెయో లావియాని చూడండి. 2023లో సౌతాంప్టన్ పడిపోయాక చెల్సీ అతని కోసం 5.3 కోట్లు కట్టింది, పైన అదనపు షరతులు. గాయాల వల్ల మొదటి సీజన్లో లీగ్‌లో ఆడింది ఒక్క మ్యాచ్, అదీ సబ్‌గా. ప్రతిభ మీద ఎవరికీ అనుమానం లేదు, కానీ అంత డబ్బు పెట్టేవాడు గాయాల సంగతి లెక్కలో వేసుకోవాలి.

ఈ తరహా కొనుగోళ్ళలో గోల్‌కీపర్లు, ఫుల్‌బ్యాక్‌లు (డిఫెన్స్‌లో రెండు అంచుల్లో ఆడేవాళ్ళు) మిగతావాళ్ళకన్నా మంచి బేరమని నా నమ్మకం. పడిపోయిన జట్టు కీపర్ సీజనంతా బంతులు ఆపుతూనే ఉంటాడు, అయినా ఖాతాలో గోల్స్ చాలా పడతాయి కాబట్టి మార్కెట్ అతన్ని తక్కువ చేసి చూస్తుంది. 2018లో స్వాన్సీ నుంచి ఫాబియాన్‌స్కీని వెస్ట్ హామ్ సుమారు 70 లక్షలకి తెచ్చుకుంది. అప్పటికి అతనికి 33 ఏళ్ళు. మొదటి సీజన్లోనే ఆ క్లబ్ ఉత్తమ ఆటగాడి అవార్డు గెలిచాడు. కీపర్లకి 33 ఏళ్ళు పెద్ద వయసు కాదు, వింగర్‌కైతే అదే వయసులో పేస్ పడిపోవడం మొదలై ఉంటుంది. ఆరన్ రామ్స్‌డేల్ సంగతి ఇంకా విచిత్రం. 2020లో బోర్న్‌మత్‌తో పడిపోయాడు, షెఫీల్డ్ యునైటెడ్ కొంది, 2021లో దాంతోనూ పడిపోయాడు. ఆర్సెనల్ 2.4 కోట్లు పెడితే ఫ్యాన్లు ముఖం చిట్లించారు. రెండో సీజన్ ముగిసేసరికి అతను ఆటగాళ్ళ సంఘం పీఎఫ్‌ఏ ఎంచిన ఏడాది జట్టులో ఉన్నాడు. తర్వాత సౌతాంప్టన్‌కి వెళ్ళి 2025లో ప్రీమియర్ లీగ్ నుంచి మూడోసారి పడిపోయాడు. పాపం, ఏ క్లబ్బుకి వెళ్ళాలో ఎంచుకోవడంలో మాత్రం అతని అదృష్టం అంతంత మాత్రమే.

ఫుల్‌బ్యాక్‌ల విషయానికొస్తే 2015లో బర్న్‌లీ నుంచి ట్రిపియర్ టోటెన్‌హామ్‌కి 35 లక్షలకి, 2017లో హల్ సిటీ నుంచి రాబర్ట్‌సన్ లివర్‌పూల్‌కి ముందుగా 80 లక్షలకి వెళ్ళారు. ఇద్దరూ తర్వాత ఏ స్థాయికి చేరారో చెప్పక్కర్లేదు. డిఫెన్స్‌లోనే కూరుకుపోయిన జట్టులో ఫుల్‌బ్యాక్ ముందుకెళ్ళి క్రాస్ వేసే అవకాశం తక్కువ. అసిస్టులు లేవు కాబట్టి ధర పెరగదు. గేమ్‌లో మీరు చూడాల్సింది స్టామినా, వర్క్ రేట్, క్రాసింగ్ అంకెలు, గత సీజన్ అసిస్టులు కాదు.

స్ట్రైకర్లు, గోల్స్ కొట్టే మిడ్‌ఫీల్డర్ల దగ్గర కాస్త జాగ్రత్త. 2015-16లో వైనాల్డమ్ న్యూకాసిల్‌కి లీగ్‌లో 11 గోల్స్ కొట్టాడు. అన్నీ సొంత మైదానంలోనే, అందులో 4 నార్విచ్ మీద ఒకే మ్యాచ్‌లో. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నారు అప్పట్లో. లివర్‌పూల్ మాత్రం ఆ గోల్స్ కోసం కొనలేదు. అతన్ని వెనక్కి దించి బంతి పోగొట్టుకోని మిడ్‌ఫీల్డర్‌గా వాడుకుంది. గేమ్‌లో ఇలాంటి కొనుగోలు చేసేటప్పుడు అడగాల్సింది అదే: ఇతను ఆ క్లబ్బులో చేసిన పని కాకుండా నా జట్టులో ఇంకేం చేయగలడు? ఫస్ట్ టచ్, పాసింగ్, కంపోజర్, టీమ్ వర్క్ బాగున్నవాడు గోల్స్ ఆగిపోయినా పనికొస్తాడు. ఫినిషింగ్ 16 ఉండి మిగతావన్నీ 10 దగ్గర తచ్చాడేవాడు గోల్స్ ఆగిన రోజు బెంచ్‌కే.

2019 మే 7 రాత్రి ఆన్‌ఫీల్డ్‌లో బార్సిలోనా మీద లివర్‌పూల్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో లెగ్ గుర్తుందా? మొదటి లెగ్‌లో 3-0తో వెనకబడి ఉన్నారు, సలా లేడు, ఫర్మినో లేడు. హాఫ్ టైమ్‌లో రాబర్ట్‌సన్ గాయంతో బయటికొచ్చాడు, అతని బదులు వైనాల్డమ్ దిగాడు. 54వ నిమిషంలో ఒకటి, 56వ నిమిషంలో ఇంకొకటి కొట్టాడు. ఆ రెండో గోల్‌కి ఎడమ వైపు నుంచి క్రాస్ వేసింది షకీరీ, అంతకుముందు ఏడాది స్టోక్ పడిపోతే క్లాజ్ పుణ్యమా అని సుమారు 1.3 కోట్లకే వచ్చినవాడు. బయటికెళ్ళినవాడు హల్ నుంచి, లోపలికొచ్చినవాడు న్యూకాసిల్ నుంచి, క్రాస్ వేసినవాడు స్టోక్ నుంచి. ముగ్గురూ పడిపోయిన క్లబ్బుల సరుకే. కానీ వాన్ డైక్‌కి, అలిసన్‌కి ఆ క్లబ్ రికార్డు ధరలే పెట్టింది. జట్టు వెన్నెముకకి డబ్బు, చుట్టూ నింపడానికి ఈ సంత.

లోన్, ఫ్రీ, ఏడాది ఆగడం

ఆటగాణ్ణి కొనకుండా కొంతకాలానికి అరువు తెచ్చుకునే లోన్ దారి ముఖ్యంగా ఛాంపియన్‌షిప్‌లో ఉన్నవాళ్ళకి, కొత్తగా పైకి వచ్చినవాళ్ళకి బాగుంటుంది. జీతంలో సగమో, డెబ్బై శాతమో మీరు కట్టి, మిగతాది వాళ్ళ మీద వదిలెయ్యొచ్చు. ఐచ్ఛిక కొనుగోలు ధర రాయించుకోండి. తప్పనిసరి కొనుగోలు షరతు మాత్రం, మీరు మళ్ళీ పడిపోతే ఆ బిల్లు కట్టగలరా లేదా చూసుకునే ఒప్పుకోండి. ఇంగ్లిష్ కింది డివిజన్లలో ఒక మ్యాచ్ జట్టులో లోన్ ఆటగాళ్ళు ఐదుగురికి మించకూడదు, అది మరిచిపోయి ఏడుగురిని తెచ్చుకుంటే ఇద్దరు స్టాండ్స్‌లో కూర్చుంటారు.

ఫ్రీగా వచ్చే సీనియర్లలో ఆకర్షణ ఎక్కువ, లాభం తక్కువ. 2016-17లో సండర్‌ల్యాండ్ పడిపోయింది, ఆ జట్టుకి 15 లీగ్ గోల్స్ కొట్టిన డిఫో క్లాజ్ వల్ల ఉచితంగా బోర్న్‌మత్‌కి వెళ్ళాడు. వయసు 34, కాంట్రాక్ట్ 3 ఏళ్ళు. తర్వాతి సీజన్లో లీగ్ గోల్స్ 4. అలాంటివాడికి గేమ్‌లో 1 ఏడాది ఇవ్వండి, ఇన్ని మ్యాచ్‌లు ఆడితే ఇంకో ఏడాది పెరిగేలా షరతు పెట్టండి. ఒప్పుకోకపోతే వదిలెయ్యండి. కాంట్రాక్ట్ ముగిసి ఫ్రీగా దొరికే పాతికేళ్ళ కుర్రాడి సంగతి వేరే. 2023లో లెస్టర్ పడిపోయినప్పుడు కాంట్రాక్ట్ అయిపోయిన టీలమన్స్‌ని ఆస్టన్ విల్లా పైసా ఫీజు లేకుండా తెచ్చుకుంది. అలాంటివాడు కనబడితే ఇక పోలికలేమీ అక్కర్లేదు.

ఏడాది ఆగడం అనేది ఎవరూ పెద్దగా ఆలోచించని దారి. ఎమీ బుయెందియా 2020లో నార్విచ్‌తో పాటు పడిపోయి అక్కడే ఉన్నాడు, ఛాంపియన్‌షిప్ సీజన్ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2021లో విల్లా దాదాపు 3.3 కోట్లు పెట్టాల్సి వచ్చింది. ఆగితే సత్తా రూఢి అవుతుంది, ధర కూడా పెరుగుతుంది. 20 ఏళ్ళ లోపు కుర్రాళ్ళ విషయంలో నేను ఆగమనే అంటాను. కింది డివిజన్‌లో 40కి పైగా మ్యాచ్‌లు ఆడితే వాళ్ళు మీ బెంచ్ మీద కన్నా బాగా ఎదుగుతారు.

మీ క్లబ్ ఎక్కడుంది?

టైటిల్ కోసం ఆడుతున్నారా? క్లాజ్ ఉన్నవాళ్ళని పట్టండి, మొదటి పదకొండు మందిలోకి కాకుండా ఆ తర్వాతి ఐదారు స్థానాలకి. సొంతగడ్డ శిక్షణ కోటా కూడా దీంతో నిండుతుంది. 25 మందిలో ఆ కోటా బయటివాళ్ళు 17 మందికి మించకూడదనే నిబంధన ప్రీమియర్ లీగ్‌లో ఉంది కదా, పడిపోయిన ఇంగ్లిష్ క్లబ్బుల్లో ఇంగ్లండ్‌లోనే పెరిగిన కుర్రాళ్ళు బోలెడుమంది ఉంటారు.

పట్టిక మధ్యలో ఉంటే క్లాజ్ లేని, అసంతృప్తితో ఉన్నవాళ్ళే మీ సరుకు. వాయిదాలు, షరతులతో బేరం నడపండి. మీలాంటి క్లబ్బుకే ఆ ఆటగాడు రెండు మూడేళ్ళు మొదటి జట్టులో ఉంటాడు.

కొత్తగా పైకి వచ్చారా? పడిపోయిన 3 క్లబ్బుల నుంచి ఒకేసారి ఐదారుగురిని తేవద్దు. అలా కూడగట్టిన జట్టు కొత్తగా కనబడుతుంది కానీ నిరుడు 18, 19, 20 స్థానాల్లో ముగిసిన ఆటగాళ్ళే అందులో ఉంటారు. ఒక కీపర్, ఒక ఫుల్‌బ్యాక్, ఒక లోన్ చాలు. మిగతా డబ్బు మిమ్మల్ని పైకి తెచ్చిన కుర్రాళ్ళ కాంట్రాక్టుల మీద పెట్టండి.

ఇందాకటి షరతులన్నీ రేపు మీకూ ఎదురవుతాయి. కొత్త ఆటగాడితో సంతకం పెట్టించేటప్పుడు ఏజెంట్ రెలిగేషన్ క్లాజ్ అడుగుతాడు. చాలాసార్లు అది లేకుండా సంతకం కుదరదు. అప్పుడు అంకెని కొన్న ధరకి రెట్టింపు దగ్గర నిలబెట్టండి, జీతం తగ్గే షరతు 40, 50 శాతం దాకా రాయించండి. ఇప్స్‌విచ్ డెలాప్ మీద 1.5 కోట్లు పెట్టి 3 కోట్ల క్లాజ్ రాసుకుంది. పడిపోయిన వేసవిలో ఆ క్లబ్బుకి స్ట్రైకర్ పోయాడు, ఇంకో స్ట్రైకర్‌ని వెతుక్కోవడానికి డబ్బు మిగిలింది.